పడవ చెక్క కప్‌బోర్డు

మా మేడమీద వాటాలో వాష్ బేసిన్ కింద ఒక చెక్క కప్‌బోర్డు ఉంది. మేం ఇల్లు కట్టేనాటికి అమలాపురంలో అలాంటివి తక్కువ. గోడకి బేసిన్, దాని కింద బకెట్, అంతే. మా ఆవిడ సీతారత్నం పట్టుబట్టింది. బాత్‌రూములో చెక్క నిలవదని నేను. చివరికి ఓడలరేవు ఒడ్డున విప్పుతున్న ఒక పాత పడవ చెక్క కొనుక్కొచ్చాను. సముద్రాన్ని ఓర్చుకున్న చెక్క, మొహం కడుక్కున్న నీళ్లకి చెడుతుందా? బోటనీ చదువుకున్నవాణ్ణి కదా, నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ పడవ ఎందుకు విప్పుతున్నారో మాత్రం అడగలేదు.

పన్నెండేళ్లు బాగానే ఉంది. ఈ జూన్‌లో శారోన్ అనే టీచరు, నాలుగేళ్ల కూతురు జెస్సీతో ఆ వాటాలో దిగింది. నెల తిరక్కుండానే కిందికి వచ్చింది.

"మాస్టారూ, ఆ కప్‌బోర్డు మార్పించేయండి. తలుపులు ఉబ్బిపోయి తెరుచుకోవట్లేదు."

ఈ ఏడు వానల జాడే లేదు. ఎండకి చెక్క ఉబ్బడమేమిటో! "కాస్త చిత్రిక పట్టిస్తే సరిపోతుందమ్మా," అన్నాను.

"రిపేరు కాదండీ." గొంతు తగ్గించింది. "లోపల్నుంచి ఎవరో తలుపు కొడుతున్నారంటోంది పాప. ఇదీ తిరిగి కొడుతోంది. నిన్న చెయ్యి పట్టుకున్నారంది. చూడండి."

జెస్సీ మణికట్టు చుట్టూ ఎర్రటి చార. తడి తాడు ఒరుసుకున్నట్టు.

"స్కూళ్లు తెరిచేశాక వేరే ఇల్లు ఎక్కడ దొరుకుతుందండీ? అది ఉంటే నా బిడ్డ నాకు దక్కదు మాస్టారూ."

వడ్రంగి లోవరాజుని పిలిపించాను. ఆ ఓడలరేవు ఊరి అల్లుడే అతను. చెక్క మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశాడు.

"ఇదా మాస్టారండీ! తిరగబడ్డ పడవండి ఇది. ముగ్గురు కింద చిక్కుకుపోయేరు. పొద్దుగూకేదాకా చెక్క మీద కొడుతూనే ఉన్నారంటండి. అలాంటిదాన్ని ఇసకలోనే వదిలేస్తారండి, ఇంటికి తీసుకెళ్లరు. ఎవరో మీకు అంటగట్టేసేరు. పీకేద్దామండి."

"కొత్తది చేసి అమ్ముదామనేగా నీ ఎత్తు?"

"ఆయ్, ఊరికే చేసి పెడతానండి."

అతను నవ్వలేదు. గునపం తెస్తానని కిందికి వెళ్లాడు. సరే, చూద్దామని నేను బాత్‌రూములోకి వెళ్లి వంగాను.

నా వెనక బాత్‌రూము తలుపు మూసుకుంది.

పట్టపగలు మూడు గంటలు. వెంటిలేటరు కనిపించలేదు. నా చెయ్యి నాకు కనిపించలేదు. తారు వాసన, ఉప్పు వాసన, చేపల పొలుసు వాసన... తలుపు లాగాను. గెడ వెయ్యలేదు. అయినా రాలేదు.

పాదాలకి చల్లగా తగిలింది.

నీళ్లు. పిక్కలదాకా... నడుందాకా...

చెయ్యెత్తాను. పైన ఏదో తగిలింది. మా కప్పు తొమ్మిదడుగుల ఎత్తు. ఇది తల మీదే ఉంది. వంపు తిరిగి ఉంది. చెక్క.

పిడికిళ్లతో కొట్టాను. "లోవరాజూ!" నా ఎడమ పక్కన ఇంకెవరో కొడుతున్నారు. కుడి పక్కన మరొకరు. చెవి దగ్గర చల్లటి ఊపిరి.

"తియ్యకండి..."

"చంటిపిల్ల ఉందయ్యా..." అన్నాను. నోట్లోకి ఉప్పునీళ్లు పోయాయి.

"ఇన్నేళ్లకి తిరిగి కొట్టింది ఆ పాపొక్కతేనండి..."

నీళ్లు గడ్డాన్ని తాకాయి. నాకు డెబ్బై నాలుగేళ్లు. ఇంకెన్నాళ్లు బతుకుతానని? ఆ మాట ఇప్పుడు అనుకుంటున్నాను. అప్పుడు మాత్రం... "తియ్యను," అన్నాను. "ఎవర్నీ తియ్యనివ్వను..."

తలుపు తెరుచుకుంది.

ఎండ. హాలు. నా పంచె పొడిగా ఉంది. శారోన్ పాపని ఎత్తుకుని ఎదురుగా నిలబడి ఉంది.

"తీసేస్తారు కదా, మాస్టారూ?"

"రిపేరు చాలమ్మా."

నా గొంతు మామూలుగానే పలికింది. అందుకే నమ్మినట్టుంది ఆ అమ్మాయి. లోవరాజు అడ్డుపడతాడని ఆశగా అతని వైపు చూశాను. పీకేద్దామని అతనొక్క మాట అంటే చాలు.

లోవరాజు హాలు మధ్యలో, పొడి గచ్చు మీద, గునపం పట్టుకుని నిలబడ్డాడు. అతని చొక్కా మెడదాకా తడిసి ఒంటికి అంటుకుపోయింది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఆయ్," అన్నాడు, పాప వైపు చూడకుండా. "రిపేరు చాలండమ్మా."