గేటు లోపల మంగళవారం

"కంప్యూటర్‌ను ముట్టుకునే ముందు చేతులు కడుక్కో," అంది ధనుశ్రీ, తల ఎత్తకుండానే.

ఈరేశ్ తన చేతుల వంక చూసుకున్నాడు. తెల్లవారినప్పటి నుంచి సోలార్ ప్యానెళ్లు కడిగి కడిగి, నీళ్లలో నాని, వేళ్లు ముడతలు పడి ఉన్నాయి.

"ఇంకా కడిగితే తోలు ఊడొస్తాది మేడమ్," అన్నాడు.

అప్పుడు తల ఎత్తింది. అతని చేతులు చూసి నవ్వు ఆపుకుంది. ఆపుకున్నా కొంచెం బయటపడింది. ఐటీఐ చదివి, వైపర్ కర్ర పట్టుకుని ఎండలో తిరిగే కుర్రాడికి ఆ కొంచెం చాలు. ఈరేశ్ పని అక్కడికక్కడే అయిపోయింది. కంప్యూటర్ పని మాత్రం మొదలు కావాలి.

పావగడ తాలూకా వల్లూరు పక్కన సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగించే కాంట్రాక్టు ఆఫీసు అది. ఒక గది, ఒక కంప్యూటర్, అందులో లైనక్స్. ధనుశ్రీ అక్కడ ఆపరేటర్. రోజూ పొద్దున సరిగ్గా ఆరు గంటలకు 'వాష్‌ప్లాన్' అనే సాఫ్ట్‌వేర్ తెరిచి, ఆ రోజు ఏ బ్లాకు ఎవరు కడగాలో లిస్టు ప్రింట్ తీసి గోడకు అంటించడం ఆమె పని. ఒక మంగళవారం సాయంత్రం కంప్యూటర్ అప్‌డేట్ చేసుకుంటానంది. సరే అంది ధనుశ్రీ. బుధవారం పొద్దున వాష్‌ప్లాన్ బొమ్మ మీద నొక్కితే ఏమీ కాలేదు. తప్పు జరిగిందని కూడా చెప్పలేదు. ఊరికే తెరుచుకోవడం మానేసింది.

ఇన్‌చార్జ్ హనుమంతరాయ రూల్ మనిషి. ఎప్పుడో లిస్టులో లేని బ్లాకు కడిగించి పైవాళ్లతో చీవాట్లు తిన్నాడు. అప్పటి నుంచి ఆయనకు లిస్టే వేదం.

"కొత్త లిస్టు వచ్చేదాకా పాత లిస్టే. లిస్టులో ఏ వారముంటే ఈడ ఆ వారమే," అని తేల్చేశాడు. హాజరి పుస్తకంలో కూడా మంగళవారం అనే రాయించాడు.

అలా పార్కులోకి మంగళవారం వచ్చి, వెళ్లడం మరిచిపోయింది.

మంగళవారం లిస్టులో తొమ్మిదో బ్లాకు ఉంది కాబట్టి రోజూ తొమ్మిదో బ్లాకే కడిగారు. అది ఎంత మెరిసిందంటే, కొంగలు చెరువనుకుని దిగి, ఒకటీ రెండుసార్లు ముక్కుతో పొడిచి, అవమానంతో లేచిపోయేవి. పద్నాలుగో బ్లాకు లిస్టులో లేదు. దాని మీద దుమ్ములో ఎవరో వేలితో 'మమ్మల్ని కూడా చూడండప్పా' అని రాశారు. ప్యానెళ్లు కడిగే నల్లమ్మకు మంగళవారం ఒక్కపొద్దు. పాపం, గేటు దాటేదాకా రోజూ మెతుకు ముట్టలేదు. మంగళవారం క్షవరం కూడదని హనుమంతరాయ గడ్డం పెంచాడు. ఆదివారం కోడికూర తెచ్చుకున్నవాళ్లు క్యారియర్లు పట్టుకుని గేటు అవతలికి వెళ్లి, అక్కడ ఆదివారంలో నిలబడి తిని, మళ్లీ లోపలికి మంగళవారంలోకి వచ్చేవారు.

ఆ గేటు దగ్గర సెక్యూరిటీ బొమ్మన్న, ధనుశ్రీ తండ్రి. హిందూపురం నుంచి ధనుశ్రీకి ఒక సంబంధం వచ్చింది. ఎప్పుడు రావాలని వాళ్లు ఫోన్ చేస్తే బొమ్మన్న చాలా ఆలోచించాడు.

"నేను సగం దినం మంగళవారంలో ఉంటా, సగం దినం ఇంకో వారంలో ఉంటా. ఇట్ల కలిసిపోయిన దినంలో పెండ్లి మాట ఎట్ల మాట్లాడేది? లిస్టు మారినాక రండప్పా," అన్నాడు.

హిందూపురం వాళ్లు ఓపిక గలవాళ్లు. రోజూ పొద్దున ఆరుంబావుకు ఫోన్ చేసి, పార్కులో ఏ వారమని అడిగేవారు. బొమ్మన్న అబద్ధమాడే మనిషి కాదు. "ఈపొద్దు కూడా మంగళవారమే. ఏమనుకోవద్దు," అని నిజం చెప్పేవాడు. ఈ సంగతి పార్కులో ప్యానెళ్లకు కూడా తెలుసు.

ఇలా ఎనిమిది రోజులు గడిచాక, ఐటీఐలో లైనక్స్ నేర్చుకున్నాడని క్యాతగానచెర్లు ఊరి దేవరాజు కొడుకు ఈరేశ్‌ను ఆఫీసుకు పిలిపించారు.

"బిరీన బాగు చెయ్యప్పా," అంది ధనుశ్రీ. పక్కనే హనుమంతరాయ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఈరేశ్ గుండెలో చిన్న ముల్లు దిగింది. పెళ్లికి ఇంత తొందరా, అనుకున్నాడు. అయినా హనుమంతరాయ పేరుతో లాగిన్ అయి, టెర్మినల్ తెరిచాడు. నల్లటి తెర వచ్చింది.

"ఇదేంది, కరెంటు పోయినాదా?" అన్నాడు హనుమంతరాయ.

"లేదు సార్. బొమ్మ మీద నొక్కితే వాష్‌ప్లాన్ ఎందుకు రాలేదో చెప్పదు. ఈడ పేరు టైపు చేసి పిలిస్తే చెప్తాది."

పిలిచాడు. ఎర్రగా ఒక వరస వచ్చింది. హనుమంతరాయ పై ఆఫీసు నుంచి ఫోన్ వస్తే బయటికి వెళ్లాడు. ధనుశ్రీ కుర్చీ దగ్గరికి జరిపింది.

"ఏమంటా ఉండాది?"

"ఒక పాత ఫైలు కనపడలేదంటా ఉండాది. వాష్‌ప్లాన్ దాని మీదే నిలబడుండేది. అప్‌డేట్ వచ్చి, పాతది ఇంకెందుకని తీసి పారేసింది."

"మళ్లీ తెచ్చి పెడితే?"

"నడుస్తాది. చూడు, ఇన్‌స్టాల్ అని కొట్టి ఫైలు పేరు కొడితే వచ్చేస్తాది. ఇన్‌స్టాల్‌కు బదులు రిమూవ్ అని కొడితే పోతాది. అంతే." ఆడపిల్ల శ్రద్ధగా వింటుంటే మగవాడు అవసరానికి మించి చెబుతాడు. ఈరేశ్ రిమూవ్ గురించి రెండుసార్లు చెప్పాడు.

వాష్‌ప్లాన్ తెరుచుకుంది. కానీ లిస్టు పొద్దున ఆరుకే తీయాలి, మధ్యాహ్నం తీస్తే చెల్లదు, అది రూలు. "రేపు పొద్దున గురువారం," అని హనుమంతరాయ గడ్డం తడుముకున్నాడు.

గురువారం పొద్దున ఆరుకు నొక్కితే ఏమీ కాలేదు.

ఈరేశ్ ఆశ్చర్యపోయాడు. రాత్రిపూట దానంతటదే అప్‌డేట్ అయి ఉంటుందనుకుని, శనివారం మళ్లీ బాగు చేసి, అప్‌డేట్లు రాకుండా కట్టేశాడు. ఆదివారం పొద్దున మళ్లీ అదే కథ.

ప్రేమకథలో ఒక వాన పడాలి. పావగడ తాలూకాలో వానను నమ్ముకుంటే కథ ఏళ్లు పడుతుంది. అందుకని ట్యాంకర్ పైపు ఊడింది. సోమవారం, తొమ్మిదో బ్లాకు కడిగారని టిక్కు పెట్టుకోవడానికి ధనుశ్రీ వచ్చినప్పుడు, ఈరేశ్ చేతిలోంచి పైపు జారి పాములా లేచి ఇద్దరినీ నిలువునా తడిపేసింది. కొంగలు లేచిపోయాయి. ధనుశ్రీ జడ నుంచి నీళ్లు కారుతున్నాయి. ఈరేశ్ చూడకూడదనుకుంటూనే చూశాడు.

"కావాలని చేసినావా?"

"పైపుకు కూడా అప్‌డేట్ వచ్చినట్టుండాది."

నవ్వింది. వెంటనే ముఖం మామూలుగా పెట్టి అడిగింది. "మళ్లీ ఎప్పుడు బాగు చేస్తావు?"

"నీకెందుకంత తొందర?"

"నాకు తొందరని నీకెవరు చెప్పినారు?" అని కొంగు పిండుకుంటూ వెళ్లిపోయింది. ఈరేశ్‌కు ఆ మాట అర్థం కాలేదు. మగపిల్లలకు టెర్మినల్‌లో ఎర్ర అక్షరాలైతే అర్థమవుతాయి.

మంగళవారం మూడోసారి బాగు చేశాడు. బుధవారం పొద్దున మూడోసారి తెరుచుకోలేదు. గోడ దగ్గర అందరూ నిలబడి ఉండగా హనుమంతరాయ అన్నాడు, "ఈ పిల్లోనికి చేతకాదప్పా. రేపటికి కాకుంటే బెంగళూరు నుంచి మనిషిని పిలిపిస్తా. నువ్వింక కంప్యూటర్ దిక్కు చూడొద్దు."

కంప్యూటర్ దిక్కు చూడవద్దంటే ధనుశ్రీ దిక్కు చూడవద్దనే. ఆ మధ్యాహ్నం ఈరేశ్, ధనుశ్రీ భోజనానికి వెళ్లినప్పుడు, ఈ కంప్యూటర్‌లో ఏం చేర్చారో ఏం తీశారో రాసి ఉండే లాగ్ తెరిచాడు. మూడుసార్లు తాను చేర్చినట్టు ఉంది. మూడుసార్లూ అదే సాయంత్రం అయిదు నలభైకి ఎవరో తీసేసినట్టు ఉంది. తీసేసినవాళ్ల పేరు కూడా ఉంది. ధనుశ్రీ.

ఆమె తిరిగి వచ్చేసరికి తెర మీద ఆ పేరు అలాగే ఉంది. చూసి, చేతిలో క్యారియర్ కింద పెట్టింది.

"మూడుసార్లు తీసేసింది నువ్వేనా?"

"రాసుండాది కదా. ఇంక అడిగేదేముంది?"

"నేనేం చేసినా నీకు? అందరి ముందర చేతకానోడని నిలబెట్టల్లనా?"

"నువ్వు బాగు చేస్తే లిస్టొస్తాది. లిస్టొస్తే వారం మారుతాది. వారం మారితే హిందూపురమోళ్లొస్తారు. ఇంత తెలిసినోడివి, ఇది తెలీలేదా నీకు?"

ఈరేశ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "మొదటిదినం బిరీన బాగు చెయ్యన్నావు కదా."

"ఇన్‌చార్జ్ సార్ పక్కనే నిలబడుంటే ఇంకేమనల్ల?"

"అయితే నాతో ఒక్క మాట చెప్పింటే..."

"మంగళవారం ఎట్ల చెప్పేది?"

వారం రోజులుగా ఈరేశ్ కూడా అదే కారణంతో నోరు మూసుకుని తిరుగుతున్నాడు.

"గేటు బయట చెప్పొచ్చు కదా," అన్నాడు చివరికి.

"గేటు తావ మా నాయనుంటాడు."

సంతోషం, భయం రెండూ ఒకేసారి వస్తే మనిషికి ఏం చేయాలో తోచదు. ఈరేశ్ మానిటర్ తుడిచాడు. అది శుభ్రంగానే ఉంది.

"ఇట్లే పెట్టేస్తే?" అంది ధనుశ్రీ. "వాళ్లు ఎప్పుడూ రారు."

"మా నాయన కూడా రాలేడు కదా. మంగళవారం అడిగితే మీ నాయన వింటాడా? అదీగాక రేపు బెంగళూరు ఆయనొచ్చి బాగు చేస్తాడు. ఆయన నిన్ను అడగడు, నన్ను అడగడు."

"అయితే?"

"లిస్టు ఆరుకొస్తాది. వాళ్ల ఫోన్ ఆరుంబావుకొస్తాది. మధ్యలో పదైదు నిమిషాలుండాయి. నేనే అడుగుతా."

"మా నాయన్నా?" అని అతని ముఖంలోకి చూసింది. "నువ్వు ఇన్‌చార్జ్ సార్ ముందరే నోరెత్తవు."

"లిస్టు చేతిలో ఉంటే ఎత్తుతా."

ఆ సాయంత్రం నాలుగోసారి ఫైలు చేర్చారు. ఈసారి ధనుశ్రీ టైపు చేసింది.

గురువారం పొద్దున ఆరుకు ఆమె వాష్‌ప్లాన్ మీద నొక్కింది. తెరుచుకుంది. ప్రింటర్ మూలిగి, ఆగి, మళ్లీ మూలిగి, కాగితం వదిలింది. తేదీ పక్కన గురువారం. నల్లమ్మ అక్కడికక్కడే సద్ది మూట విప్పింది. హనుమంతరాయ సంతకం పెడుతూ, గోడకు అంటిస్తూ, అంటించింది వంకరగా ఉందని మళ్లీ పీకి అంటిస్తూ, పది నిమిషాలు తినేశాడు. ఈరేశ్ ఇంకో కాపీ తీసుకుని బయటికి పరిగెత్తాడు. ధనుశ్రీ స్కూటీ స్టార్ట్ చేసి ఉంచింది.

ఆఫీసుకూ గేటుకూ రెండు కిలోమీటర్లు. తొమ్మిదో బ్లాకు దగ్గర కొంగలు దారి మధ్యలో నిలబడ్డాయి. ధనుశ్రీ హారన్ కొట్టింది. అవి తీరిగ్గా పక్కకు జరిగాయి. స్కూటీ గేటు చేరేసరికి బొమ్మన్న ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, "ఆ, చెప్పండప్పా," అంటున్నాడు.

ఈరేశ్ స్కూటీ మీంచి దిగి, రొప్పుతూ కాగితం ఆయన ముందు పట్టాడు.

"మామా, ఈపొద్దు గురువారం."

"అట్లనా," అని బొమ్మన్న ముఖం వికసించింది. "రేయ్, మంచి మాట చెప్పినావు. వాళ్లకు కూడా చెప్తా ఉండు."

"చెప్పొద్దు మామా." ఈరేశ్‌కు రాత్రంతా బట్టీపట్టిన వాక్యాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. "ధనుశ్రీని నాకియ్యి. గురువారమనే అడుగుతా ఉండా. మా అమ్మనూ నాయన్నూ పంపిస్తా. ముందు నేనే అడగల్ల అనిపించింది."

బొమ్మన్న ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు. కూతురి వంక చూశాడు.

"ఏందమ్మా ఇది?"

ధనుశ్రీ స్కూటీ హ్యాండిల్ వదల్లేదు. "నేనే, నాయనా. మూడుసార్లు కంప్యూటర్ చెడగొట్టింది నేనే. వాళ్లు రాకూడదని." కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. "ఈ అబ్బి మూడుసార్లు బాగు చేసినాడు. చెడగొట్టినోళ్లెవరో తెలిసినాక కూడా నా పేరు ఎవరికీ చెప్పలే."

బొమ్మన్న మనసులో లెక్క కట్టాడు. పదహారు రోజులుగా అన్నం మానేసిన నల్లమ్మ, గడ్డం పెరిగిన ఇన్‌చార్జ్, గేటు అవతల నిలబడి కోడికూర తిన్న జనం, అందులో సగం రోజులు తన బిడ్డ నోరు విప్పి ఒక్క మాట చెప్పలేకపోయినందువల్ల. తను వారం చూసుకుంటూ కూర్చున్నాడు గానీ, బిడ్డ ముఖం చూడలేదు. ఆ మాట ఆయనకు గట్టిగానే తగిలింది.

"మీ అమ్మ పుట్టినూరు రొద్దం కదప్పా?" అన్నాడు ఈరేశ్‌తో.

"అవును మామా."

"వరస కలుస్తాది."

ఫోన్‌లో హిందూపురం వాళ్లు హలో, హలో అంటున్నారు. బొమ్మన్న లిస్టులో గురువారం అన్న మాటను ఇంకోసారి చదివాడు. కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని, ఫోన్ మళ్లీ చెవి దగ్గరికి తీసుకున్నాడు.

"ఈడ ఇంకా మంగళవారమేనప్పా," అన్నాడు, జీవితంలో మొదటిసారి అబద్ధమాడుతూ. "లేదు లేదు, ఈ ఏడు మారేట్టు కనపడలే. మీరు ఇంకో సంబంధం చూసుకోండి."