రెండోసారి అడిగితేనే

"ఇరవై మిరపకాయలకి ఒక్కటి తగ్గినా అది జున్నూ మిరపకాయల కూర కాదు, ఉత్త జున్ను నీళ్ళు!" అంది అంగే, టీ కప్పు ఠక్కున కిందపెట్టి.

సెల్డెన్ నానమ్మని ఇంట్లోవాళ్ళే కాదు, వీధంతా అంగే అనే పిలుస్తుంది.

"మూడు రోజుల్నించీ ఇదే పాట, అమ్మా," అన్నాడు సెల్డెన్ తండ్రి నామ్గే. "వచ్చేది ఒక దేశానికి అధ్యక్షురాలు. ఒక్క ముద్ద తిని ఆవిడ సొమ్మసిల్లితే? వడ్డన చూసేది మన పిల్ల. మాట పడేది అది."

"సొమ్మసిల్లితే వెన్న టీ పోస్తే లేస్తుంది."

"పోనీ, ఆరు మిరపకాయలు వేసి, మిగతాది బంగాళాదుంప వేస్తే?" అంది సెల్డెన్ తల్లి ల్హాదెన్, ఇద్దరికీ మధ్యగా.

"బంగాళాదుంపా!" అన్నారు తల్లీకొడుకులిద్దరూ ఒక్కసారే. మూడు రోజుల్లో వాళ్ళకి కుదిరిన ఏకాభిప్రాయం అదొక్కటే.

సెల్డెన్ ఎర్రన్నం కెలుకుతూ కూర్చుంది. ప్రభుత్వ అతిథిభవనంలో ఆరేళ్ళుగా విందుల వడ్డన ఆమెదే. మంత్రులకి పెట్టింది, రాయబారులకి పెట్టింది. ఎల్లుండి జరిగేది వాటన్నిటికంటే పెద్దది. వంటాయన ఏరికోరి అంగే పద్ధతి రాయించుకున్నాడు కాబట్టే ఇంట్లో ఈ గొడవ.

ఇంతలో పక్కింటి ఉగ్యెన్ తలుపు తోసుకుని వచ్చింది. థింపూలో వారంరోజులుగా వాన తెరిపివ్వడం లేదు.

"ఒక గొడుగిస్తావా సెల్డెన్? మాది విరిగింది."

"కూర్చో, టీ తాగు," అంది ల్హాదెన్.

"అయ్యో వద్దక్కా, ఇప్పుడే తాగొచ్చాను," అంటూ ఉగ్యెన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"కొంచెమే."

"వద్దంటే!"

ల్హాదెన్ ఆ మాట వినిపించుకోకుండానే కప్పు ముందు పెట్టింది. ఉగ్యెన్ మూడు కప్పులు తాగింది, గుప్పెళ్ళకొద్దీ వేపుడు అటుకులు కూడా నమిలింది. ఎవరూ అందులో వింత చూడలేదు. ఊపిరి పీల్చడాన్ని ఎవరు గమనిస్తారు?

సెల్డెన్ మాత్రం గమనించి, ఒక నిట్టూర్పు విడిచింది. ఉగ్యెన్ తలుపు వెనకున్న నల్లగొడుగు మీద చెయ్యి వెయ్యబోయేసరికి గబుక్కున లేచింది.

"అది కాదు! వేరేది ఇస్తానుండు."

అంగే ఆ గొడుగునీ, మనవరాలి మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

కాసేపటికి వసారాలో మిరపకాయల తొడిమలు తీస్తూ మెల్లగా అడిగింది.

"ఆ గొడుగు అబ్బాయి మళ్ళీ అడిగాడా?"

"లేదు."

"ఎన్నాళ్ళయింది?"

"పంతొమ్మిది రోజులు."

"లెక్క మాత్రం తప్పలేదు," అంది అంగే.

పంతొమ్మిది రోజుల కిందట అతిథిభవనం చూరుకింద, వాన వెలుస్తుందేమోనని ఇద్దరూ నిలబడ్డారు. ప్రోటోకాల్ అధికారి జమ్యాంగ్ బ్రస్సెల్స్‌లో ఐదేళ్ళుండి, చలికాలంలో తిరిగొచ్చాడు. ఆర్నెల్లుగా ఇద్దరూ ఒకే బల్లదగ్గర కూర్చుని జాబితాలు రాస్తున్నారు, కొట్టేస్తున్నారు, మళ్ళీ రాస్తున్నారు. ఆ సాయంత్రం అతను చూరునుంచి కారే ధారలకేసి చూస్తూ, వానతో చెబుతున్నట్టు చెప్పాడు.

"విందు అయిన పదిరోజులకి నన్ను మళ్ళీ పంపేస్తారు. మూడేళ్ళు. మీరూ వస్తే బాగుంటుంది. అంటే... పెళ్ళి చేసుకుని."

సెల్డెన్ గుండె ఎగిరి గంతేసింది. చెయ్యి మాత్రం దానంతటదే నోటికి అడ్డం వెళ్ళింది. "అయ్యో, వద్దులెండి," అంది నోరు.

అంతే. అతను ఎర్రబడి, తలవంచి, "క్షమించండి, ఇబ్బంది పెట్టాను," అన్నాడు. గొడుగు ఆమె చేతిలో పెట్టి, తను వానలో తడుస్తూ వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఒక్కరోజు కూడా ఆ మాట ఎత్తలేదు. ఫైళ్ళు ఇచ్చేటప్పుడు వేళ్ళు తగలకుండా బల్లమీద పెట్టి జరుపుతున్నాడు. అంత మర్యాదస్థుడు!

"ఒక్కసారే అడిగి పోయాడా? మిగతా రెండుసార్లూ ఏ దేశంలో వదిలేసొచ్చాడు?" అంది అంగే. "పోనీ నువ్వే చెప్పరాదూ."

"అడక్కుండానే గిన్నె చాపమంటావా?"

అంగే రెండు మిరపకాయల తొడిమలు తీసేదాకా ఆలోచించింది. "అదీ కుదరదులే," అంది చివరికి.

మర్నాడు రిహార్సల్. పన్నెండుమంది వడ్డించేవాళ్ళు ఘో అంగీల మడతలు సర్దుకుని వరసగా నిలబడ్డారు. జమ్యాంగ్ ఫైల్ తెరిచాడు.

"ముఖ్యమైన సంగతి. అతిథి వద్దంటే వద్దనే అర్థం. తలవంచి ముందుకెళ్ళిపోండి. రెండోసారి అడగొద్దు."

"మనవాళ్ళనైనా?" అంది సెల్డెన్.

"ఒకే బల్ల దగ్గర రెండు పద్ధతులు బాగుండవు, సెల్డెన్ గారూ."

"వద్దన్నవాళ్ళందరికీ వద్దనే ఉంటుందా?"

"వద్దన్నారు కదా!"

"అన్నంతమాత్రాన?"

"బ్రస్సెల్స్‌లో ఎవరినీ రెండుసార్లు అడగరు. అవతలివాళ్ళ మాటని నమ్మడం గౌరవం."

"ఇక్కడ రెండోసారి అడక్కపోతే, పెట్టడం ఇష్టంలేకే మాటవరసకి అడిగారనుకుంటారు."

జమ్యాంగ్ తలెత్తి ఆమెను చూశాడు. ఆమె ఉప్పుగిన్నెను అవసరం లేకపోయినా అంగుళం ఎడమకి జరిపింది.

వరసలో చివరనున్న ముసలి గ్యెమ్ పక్కవాడి చెవిలో, "వీళ్ళు మాట్లాడుకునేది భోజనం గురించేనంటావా?" అన్నాడు. పక్కవాడు దగ్గుతో నవ్వు దాచుకున్నాడు.

జాబితామీద సంతకం జమ్యాంగ్‌ది. ఆ నియమమే నిలిచింది.

విందు సాయంత్రం వాన ఆగింది. కొండలమీంచి మబ్బులు దిగొచ్చి కిటికీల దగ్గర ఆగి, లోపలికి తొంగిచూస్తున్నట్టున్నాయి. అరవైమంది అతిథులు. ఎర్రా నలుపూ మెరిసే చెక్కగిన్నెలు. పెద్దబల్ల దగ్గర అధ్యక్షురాలు, పొడుగ్గా, తెల్లజుట్టుతో, చూడగానే ఎవరింటి పెద్దమ్మో అనిపించేలా ఉంది. ఆవిడకి కుడిపక్కన మంత్రిగారు, ఎడమపక్కన ఎర్ర ఉత్తరీయం వేసుకున్న ముసలి దాషో, అంటే రాజు బిరుదిచ్చిన పెద్దమనిషి. ఆయనకి ఎనభై దాటాయి, ఆకలి మాత్రం పాతికేళ్ళవాడిది.

గ్యెమ్ ఎర్రన్నం పళ్ళెంతో అధ్యక్షురాలి పక్కన వంగాడు.

ఆవిడ కళ్ళు మెరిశాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, బాగా వల్లెవేసిన పాఠం అప్పజెప్పినట్టు, "మేషు, మేషు!" అంది. ఆ ఊళ్ళో పిల్లలకి మాటలొచ్చీరాగానే నేర్పే మొహమాటపు మాట అది. వద్దు వద్దు అని.

గ్యెమ్‌కి నియమం గుర్తొచ్చింది. తలవంచి వెళ్ళిపోయాడు.

అతిథి వద్దన్నాక తాను పెట్టించుకుంటే బాగుండదని మంత్రిగారూ వద్దన్నారు. దాషో అలవాటుకొద్దీ వద్దన్నాడు. ఆగకుండా పోయిన బస్సును చూసినట్టు, దూరమవుతున్న పళ్ళెంకేసి చూస్తూ ఉండిపోయాడు.

పుట్టగొడుగులు వచ్చాయి. "మేషు, మేషు." వెళ్ళిపోయాయి. గోధుమపిండి కుడుములు వచ్చాయి. ఆవిడ ఇంకా తియ్యగా, ఇంకా ఆశగా వద్దంది. అవీ వెళ్ళిపోయాయి. అంగే మిరపకాయల కూర పొగలు కక్కుతూ వచ్చి, అలాగే తిరిగెళ్ళింది.

ముఖ్య అతిథి ముద్ద ఎత్తందే ఎవరూ తినకూడదు. అరవైమంది చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మూలన వీణలాంటి వాద్యం వాయిస్తున్నాయన, ఇక ఆపాలో వద్దో తెలీక, వాయించిందే మళ్ళీ వాయిస్తున్నాడు.

స్తంభం పక్కన జమ్యాంగ్ మొహం పాలిపోయింది.

"ఆవిడకి ఏదీ నచ్చలేదా?"

"ఆవిడ నోటికి చెయ్యి ఎందుకు అడ్డం పెట్టుకుంటున్నారో చూశారా?" అంది సెల్డెన్ నెమ్మదిగా. "ఆవిడకి అది ఎవరు నేర్పారు?"

"మన మర్యాదల గురించి... ఏప్రిల్‌లో వాళ్ళ రాయబారికి ఒక కాగితం పంపాం."

"రాసిందెవరు?"

"నేనే."

"ఏమని రాశారు?"

జమ్యాంగ్ ఫైల్లో వెతికి తీశాడు. గొంతు తగ్గించి చదివాడు. "భోజనం వడ్డించబోతే మొదట వద్దనడం ఇక్కడి మర్యాద. అంతటితో అయిపోయిందని దిగులుపడకండి. పెట్టే మనసున్నవాళ్ళు... తప్పకుండా మళ్ళీ అడుగుతారు."

చివరిమాట దగ్గరికొచ్చేసరికి గొంతు వినపడకుండా పోయింది.

"తప్పకుండానా?" అంది సెల్డెన్.

అతను కాగితం మీంచి తలెత్తలేదు. చెవులు మాత్రం అంగే ఎండబెట్టిన మిరపకాయల్లా ఎర్రబడ్డాయి.

సెల్డెన్ గ్యెమ్ చేతుల్లోంచి పళ్ళెం తీసుకుంది. భుజంమీది పట్టుగుడ్డ సర్దుకుని, తొందరపడకుండా హాలు దాటి వెళ్ళి, అధ్యక్షురాలి పక్కన వంగింది.

"కొంచెమైనా తీసుకోండి. మా కోసం."

మాట పూర్తికాకముందే గిన్నె ముందుకొచ్చింది.

"అమ్మయ్య!" అంది ఆవిడ. "నేను సరిగ్గా అనలేదేమో అనుకున్నాను. అద్దం ముందు నిలబడి నేర్చుకున్నాను కూడా."

"చక్కగా అన్నారు. తప్పు మాది. మళ్ళీ అడగడం ఆలస్యం చేశాం."

పక్కనుంచి దాషో గిన్నె చాపాడు. "అమ్మాయ్, నన్ను మూడోసారి అడక్కర్లేదు. పెట్టెయ్."

హాలంతా రెండోసారి వడ్డన మొదలైంది. అధ్యక్షురాలు మిరపకాయల కూర ఒక ముద్ద తింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముక్కు తుడుచుకుంది. రెండో ముద్ద తింది. తర్వాత, అసలు వద్దనకుండానే, ఇంకాస్త పెట్టించుకుంది.

మర్నాడు పొద్దున్న సన్నగా తుంపర పడుతోంది. సామాన్ల గదిలో సెల్డెన్ చెక్కగిన్నెలు ఒక్కొక్కటే మెత్తటిగుడ్డతో తుడిచి పేరుస్తోంది. జమ్యాంగ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. తలమీద చినుకులు మెరుస్తున్నాయి. గొడుగు లేదు మరి.

"మీ గొడుగు మా ఇంట్లోనే ఉంది," అంది సెల్డెన్.

"గొడుగు కోసం రాలేదు."

ఆమె ఇంకో గిన్నె తీసుకుంది.

"రాత్రంతా ఆ కాగితమే గుర్తొచ్చింది. అన్నీ రాశాను, నాకు నేను చెప్పుకోలేదు," అన్నాడు. "కానీ ఒక సందేహం. మీరు నిజంగానే వద్దన్నారేమో. ఒకవేళ అదే అయితే మళ్ళీ అడగడం మోటుతనం. అందుకే, నిజంగా వద్దంటే ఆ గిన్నె బోర్లించండి. నేను వెళ్ళిపోతాను, ఇంకెప్పుడూ అడగను. లేదంటే... నన్ను పెళ్ళి చేసుకుని నాతో వస్తారా, సెల్డెన్?"

సెల్డెన్ చేతిలో గిన్నె వెల్లకిలాగానే ఉంది. రెండో చెయ్యి మాత్రం, దాని పాడు అలవాటు పోనిచ్చుకోక, నోటికి అడ్డం వెళ్ళింది.

జమ్యాంగ్ గిన్నెవైపు చూశాడు. ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు.

"నాకేం తొందరలేదు," అన్నాడు. "మూడోసారి అడగడానికి తొమ్మిది రోజుల టైముంది."

వేళ్ళ సందుల్లోంచి నవ్వు బయటపడింది. ఆమె చెయ్యి తీసేసింది.

"నాకు రెండుసార్లు చాలు," అంది. "దాషోగారిలాగే, నన్నూ మూడోసారి అడక్కర్లేదు."

ఆ సాయంత్రం ఇంట్లో గొడవ మళ్ళీ మొదలైంది.

"ఇరవై వేశారు. తింది. మళ్ళీ పెట్టించుకుంది," అంది అంగే విజయగర్వంతో.

"కళ్ళనీళ్ళు పెట్టుకుందట," అన్నాడు నామ్గే.

"రుచికి!"

"పోనీ, కొంచెం బంగాళాదుంప..." అని ల్హాదెన్ మొదలుపెట్టబోతే ఇద్దరూ ఒక్క చూపు చూశారు. ఆవిడ కూతురివైపు తిరిగి గరిటె ఎత్తింది. "కొంచెం అన్నం పెట్టనా, సెల్డెన్?"

సెల్డెన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. గిన్నె చాపింది. అన్నం పడ్డాక, దాన్ని చూస్తూనే, మామూలు గొంతుతో చెప్పింది.

"జమ్యాంగ్ గారిని పెళ్ళిచేసుకుందామనుకుంటున్నాను. వాళ్ళ అమ్మానాన్నలతో ఆదివారం మనింటికి భోజనానికి వస్తామన్నారు."

గరిటె గాల్లో ఆగింది. నామ్గే తల్లికేసి చూశాడు. ల్హాదెన్ తలుపు వెనక నల్లగొడుగు కేసి చూసింది. ఇప్పుడర్థమైంది ఆవిడకి.

"ఎన్నోసారి అడిగితే ఒప్పుకున్నావ్?" అంది అంగే ఒక్కతే, ఏమాత్రం తొణక్కుండా.

"రెండోసారికి."

"మర్యాదగానే ఉంది," అంది అంగే. తృప్తిగా ముద్ద కలుపుకుని కొడుకువైపు తిరిగింది. "ఆదివారానికి ఇరవైరెండు వేస్తున్నాను. ఎవరూ అడ్డు చెప్పకండి."

ఎవరూ చెప్పలేదు.