గుంట మీది చెక్కలు

రెండువేల పదిహేడు, చలికాలం. మూతపడిన ఐస్ ఫ్యాక్టరీ వైపు పొద్దుగూకాక ఎవరూ వెళ్లేవారు కాదు. లోపల ఒక ఆడమనిషి ఏడుస్తుందని చెప్పుకునేవారు.

ఆ కథ పుట్టించింది నేనే. అక్కడ కాపలా నాది. జనం భయపడితే నేను ఇంటికొచ్చి హాయిగా పడుకోవచ్చు కదా!

మా మనవరాలు సినిమా చదువు చదువుతోంది. తన చిన్న సినిమాకి ఆ ఫ్యాక్టరీయే కావాలని పట్టుబట్టింది. పగలు స్నేహితురాలితో వెళ్లి, కెమెరా ఎక్కడెక్కడ పెట్టాలో నేల మీద సుద్దతో గీసుకుంది. నేలలో ఐస్ డబ్బాలు దించే గుంట మీది చెక్కలు ఫ్రేములో బాగా లేవని తీసి గోడకి ఆనించారట. నాకు చెప్పింది. సరేలే అన్నాను.

లైట్లకి కరెంటు సంగతి చూడమని మా వీధి ఎలక్ట్రీషియన్‌కి నేనే చెప్పాను. రేపు వెళ్లు అన్నాను.

చీకట్లో ఫ్రేము ఎలా ఉంటుందో చూసుకోవాలని ఆ రాత్రి పిల్లలిద్దరూ మళ్లీ వెళ్లారు. తర్వాతిది మనవరాలు చెప్పగా విన్నదే.

మూడో గుర్తు దగ్గర కెమెరా పెడుతుంటే... ఏదో మూలుగు.

"గాలేమోనే," అంది స్నేహితురాలు.

"గాలి ముక్కు చీదుతుందా?"

మళ్లీ వినిపించింది — సన్నగా, నేల కిందనుంచి...

ఇంట్లో నా ఫోన్ మోగింది.

"తాతా... ఏడుస్తోంది. నిజం చెప్పు. ఆవిడ ఉందా, లేదా? లేదని చెబితే దగ్గరికెళ్లి చూస్తాం."

లేదు అనాలి. అంతే. పక్కన మా ఆవిడ చెవులు రిక్కించి వింటోంది. ఇన్నేళ్లూ తననీ అదే కథతో నమ్మించాను. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. నేను మొండివాణ్ని.

"ఉంది," అన్నాను. "వెనక్కి తిరగకుండా వచ్చెయ్యండి."

పరుగున వచ్చేశారు. ముసుగుతన్ని పడుకున్నారు. నాకు మాత్రం కన్ను మూతపడలేదు... ఆ ఆడమనిషి లేదని లోకంలో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. మరి మూలిగిందెవరు?

అయినా లేవలేదు.

తెల్లారాక వెళ్లాను. గుంటలో మోకాలి లోతు నీళ్లు. తుప్పు పట్టిన ఐస్ డబ్బాల మధ్య కాలు ఇరుక్కుని — ఎలక్ట్రీషియన్! పనైపోతుందని ముందురోజు సాయంత్రమే వచ్చాడట. ఫోన్ నీళ్లపాలైంది. అరిచి అరిచి గొంతు పోయింది.

"బాబాయ్..." అన్నాడు. "రాత్రి పిల్లల మాటలు వినిపించాయి. పిలిచాను. ఎందుకు పారిపోయారు?"

నేను గుంటలోకి దిగి డబ్బాలు పక్కకి లాగాను.

ఆసుపత్రిలో అతని ఎడమ కాలు మోకాలి వరకు తీసేశారు.