కాటా దగ్గర ఆగే వ్యాను

గుట్ట ఎక్కే రోడ్డులో, మలుపు తిరగ్గానే కనిపించే పాత కాటా దగ్గర బండి ఆగితే — దిగకూడదు. ఆ దారిన తిరిగే డ్రైవర్లలో ఎవర్నడిగినా ఈ మాటే చెప్తారు. ఎందుకని అడిగితే మాత్రం ముందు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గిస్తారు.

కాటా అంటే లారీల్ని సరుకుతో సహా నిలబెట్టి తూకం చూసే చోటు. అది మూతపడి చాలా ఏళ్ళయింది. ఇప్పుడక్కడ మిగిలింది నేలకి సమంగా పరిచిన తుప్పుపట్టిన ఇనప పలక, పక్కన ఒక గది, ఆ గదికి అద్దం లేని కిటికీ. ఆ కిటికీ వెనక కుర్చీలో కూర్చునే కాటా మనిషి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. బయట లారీవాడు తూకం చీటీ కోసం అరిచి అరిచి, తిట్టుకుంటూ లోపలికెళ్ళి భుజం పట్టి కుదిపితే... అప్పుడు తెలిసిందట.

చచ్చినా ఆయన డ్యూటీ దిగలేదంటారు. రాత్రిపూట పోయే బళ్ళని ఆపి తూకం వేస్తాడు. నిక్షేపంగా ఎక్కుతున్న బండి ఆ కిటికీ ఎదురుగా రాగానే చప్పున ఆగిపోతుంది. అప్పుడు లోపలున్నవాళ్ళు ఉన్నచోటే ఉండాలి. దిగకూడదు, బానెట్ తెరవకూడదు. దిగితే తూకం తగ్గుతుంది — తగ్గిన మేరకి మనిషిని పట్టుకుపోతాడు. కదలకుండా కూర్చుంటే, తూకం అయ్యాక ఆయనే వదిలేస్తాడు. బండి దానంతట అదే స్టార్టవుతుంది.

నవ్వొస్తుంది కదూ. కానీ అలా ఆగి, అలా కూర్చుని, అలా స్టార్టయి వెళ్ళిపోయినవాళ్ళు ఆ దారిలో బోలెడంతమంది. కళ్ళారా చూసినదాన్ని ఎవరు కాదంటారు?

కొత్త బళ్ళు మాత్రం కాటా దగ్గర ఆగవు. ఈ సంగతి కూడా అందరికీ తెలుసు. ఎందుకాగవో ఎవరూ ఆలోచించలేదు. పాతకాలం మనిషి కదా, కొత్త బళ్ళంటే ఆయనకి మోజు లేదేమో అని సరిపెట్టుకున్నారు.

ఇక అసలు సంగతి దుప్పట్ల బాబాయిది.

ఆయనకా పేరు లాండ్రీ వల్ల వచ్చింది. హోటళ్ళలో, లాడ్జీల్లో మాసిన దుప్పట్లు, దిండుగలీబులు మూటలు కట్టి తెచ్చి, ఉతికి, ఇస్త్రీ చేసి మళ్ళీ అప్పజెప్పడం వాళ్ళ పని. ఇంటి కింది భాగంలో మిషన్లు, పైన కాపురం. ఉతుకు, ఇస్త్రీ కూతురు చూసుకుంటుంది. వ్యాను నడపడం ఆయన పని. వెనక మూటల మధ్య కూర్చుని దారి పొడుగునా దుప్పట్లు మడతపెట్టడం ఆయన భార్య పని — ఆవిడ ఉన్నన్నాళ్ళూ.

ఆ వ్యాను కూతురి కంటే కాస్త చిన్నది. కిలోమీటర్లు లెక్కపెట్టే మీటరు చివరిదాకా తిరిగి, మళ్ళీ సున్నాతో మొదలెట్టింది. క్లచ్ మార్చారు, రేడియేటర్ మార్చారు, పక్క తలుపు ఇంకో బండిది తెచ్చి బిగించారు. దాని రంగు వేరు. రోడ్డు మీద ఉన్న రోజులెన్నో షెడ్డులో ఉన్న రోజులూ అన్నే. "ఇంకా దీనికి రిపేర్లేంటి బాబాయ్, కొత్తది చూసుకో" అని మెకానిక్కే అన్నాడు. మెకానిక్కు ఆ మాట అనడమంటే తన నోట్లో తనే మట్టి కొట్టుకోవడం.

"చూద్దాంలే. ఈసారికి బాగుచెయ్యి" అనేవాడు బాబాయి.

కూతురు నెత్తీనోరూ కొట్టుకుంది. "నాన్నా, దీన్ని వదిలించుకుందాం. చిన్నదైనా కొత్తది తీసుకుందాం. నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచీ వచ్చేదాకా నా ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకుని కూర్చుంటున్నా."

"ఏమీ కాదమ్మా."

"అమ్మకి అయింది కదా."

ఆ మాట రాగానే ఆయన లేచి, కింద మిషన్ల దగ్గరికి వెళ్ళిపోయేవాడు.

అమ్మకి అయిందేమిటంటే... రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం బాబాయి మూటలన్నీ దింపి అప్పుడే ఇల్లు చేరాడు. ఇంజను వేడి కూడా తగ్గలేదు. ఆవిడ గుండె పట్టేసినట్టుందంటూ మెట్ల మీద కూలబడింది. ఎత్తుకుని వ్యానులో పడుకోబెట్టి, దుప్పటి కప్పి బయల్దేరాడు. ఆసుపత్రి గుట్ట అవతల. కూతురు ఇంట్లో లేదు, సబ్బుల కోసం బజారుకెళ్ళింది.

మలుపు తిరిగింది. చీకట్లో కిటికీ కనిపించింది... బండి ఆగింది.

సెల్ఫ్ కొట్టాడు. తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు. మళ్ళీ కొట్టాడు. ఇంకోసారి. తలుపు పిడి మీద చెయ్యి వేశాడు — వెనక నుంచి ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుంది.

"దిగకు..." అంది. "తూకం అవనీ. వదిలేస్తాడు."

ఆయన దిగలేదు. అంబులెన్సుకి ఫోన్ చేస్తే వస్తున్నామన్నారు. గుట్ట అంచు మీంచి ఆసుపత్రి బోర్డు ఎర్రటి వెలుగు కనిపిస్తూనే ఉంది. ఆయన ఆ వెలుగునే చూస్తూ ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి ఆవిడ పట్టు వదులైంది. ఇంకాసేపటికి సెల్ఫ్ కొడితే, ఏమీ ఎరగనట్టు బండి స్టార్టయింది. అంబులెన్సు ఎదురొచ్చేసరికి దానితో పనిలేకపోయింది.

కాటా మనిషి ఒక మనిషిని తీసుకున్నాడు అన్నారు జనం. బండే అమ్మని చంపింది అంది కూతురు. 

ఆ నెలలోనే ఒక రాత్రి, మూటలతో వస్తుంటే అదే చోట బండి మళ్ళీ ఆగింది. స్టీరింగు మీద తల ఆనించి కూర్చున్నాడు. పురుగు చప్పుడు కూడా లేదు. అప్పుడు వెనక నుంచి...

గుడ్డ కదిలిన చప్పుడు.

మొదట మెల్లగా. తర్వాత దుప్పటి అంచులు సరిచేసినట్టు... అరచేత్తో మడత మీద రాసినట్టు. పాతికేళ్ళు విన్న చప్పుడు. ఆయన వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆగిపోతుందని భయం.

"వచ్చావా?" అన్నాడు, తనకే వినపడనంత మెల్లగా.

 చప్పుడు మాత్రం కాసేపు వినిపించింది. తర్వాత బండి స్టార్టయింది, ఆ హోరులో ఆ చప్పుడు కలిసిపోయింది.

అదీ ఆయన వ్యానుని వదలకపోవడానికి కారణం. బండి కాటా దగ్గర ఆగాలి. ఆగాలంటే పాత బండే ఉండాలి. తక్కిన రిపేర్లన్నీ ఓపిగ్గా చేయించాడు గానీ, ఈ ఆగే జబ్బు గురించి మెకానిక్కుకి ఒక్కసారే చెప్పాడు. అతను చేతులు తుడుచుకుంటూ, "కాటా దగ్గరైతే అది నా చేతిలో పని కాదు బాబాయ్" అన్నాడు. షెడ్డులో అది ఎప్పుడూ ఆగలేదు మరి. ఆ జవాబుకి బాబాయి లోలోపల సంతోషించాడు.

సంతోషం అనే మాట ఆయన విషయంలో వాడాల్సింది అదొక్కచోటే. మనిషి చిక్కి సగమయ్యాడు. హోటళ్ళవాళ్ళు ఆలస్యాలకి విసిగి ఒక్కొక్కరే మానుకున్నారు. మిషన్లు ఖాళీగా ఉంటున్నాయి. అయినా ఆయన రాత్రి కాగానే తాళాలు తీసుకునేవాడు.

ఒక రాత్రి కూతురు కిందికొచ్చి చూస్తే, ఉతికి ఆరేసిన దుప్పట్లు మడతపెట్టకుండానే చేతులకొద్దీ వ్యానులోకి ఎక్కిస్తున్నాడు.

"ఇవాళ ఎవరికీ ఇచ్చేవి లేవు కదా నాన్నా. ఎక్కడికి?"

ఆయన దొరికిపోయినవాడిలా నిలబడ్డాడు. తర్వాత చాలా మామూలుగా అన్నాడు. "ఖాళీగా వెళ్తే దానికేం తోస్తుందమ్మా? చేతిలో పని ఉండాలి కదా."

ఆ పిల్ల అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. తెల్లారాక మొహం కడుక్కుని వచ్చి చెప్పింది. "ఆ బండైనా ఉండాలి, నేనైనా ఉండాలి. అమ్మ పోయింది. నువ్వూ అక్కడే పోతావు. చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు."

ఆయన వాదించలేదు. అమ్మేస్తానన్నాడు. మిగిలింది ఈ పిల్ల ఒక్కతే. దాన్ని కూడా పోగొట్టుకునే శక్తి ఆయనకి లేదు.

కొనడానికి వచ్చినాయన దూరపు ఊరి మనిషి. ఎప్పట్నుంచో బళ్ళు నడిపినవాడు. మాటకారి, ఒక్కచోట నిలబడడు. వ్యాను చుట్టూ తిరిగి, కింద దూరి, వేరే రంగు తలుపు చూసి నవ్వాడు.

"ఎత్తు ఎక్కించి చూడందే బండి సంగతి తెలీదు బాబాయ్. గుట్ట మీదికి పోయొద్దామా?"

బాబాయి సరేనన్నాడు. ఆఖరిసారి. అప్పటికే చీకటి పడింది. ఊరంతా తిప్పి తిప్పి, గుట్ట ఎక్కించాడాయన. బాబాయి పక్కన కూర్చున్నాడు. వెనక ఖాళీ — దుప్పట్లన్నీ కూతురు దింపేసింది.

మలుపు... కిటికీ... బండి ఆగింది.

"ఏమైంది దీనికి?" అన్నాడు కొనడానికొచ్చినాయన. సెల్ఫ్ కొట్టాడు. అందుకోలేదు. తలుపు తీశాడు.

"దిగకు" అన్నాడు బాబాయి.

"ఏం?"

"దిగకూడదు. కాసేపు కూర్చో... వదిలేస్తాడు."

ఆయన బాబాయి వంక వింతగా చూసి, దిగిపోయాడు.

బాబాయి కళ్ళు మూసుకున్నాడు. వెనక నుంచి ఏదైనా వినిపిస్తుందేమోనని ఊపిరి బిగబట్టాడు. ఏమీ లేదు. కాసేపటికి బానెట్ లేచి ముందు అద్దాన్ని మూసేసింది. ఇక ఏమీ కనిపించదు. చిన్న టార్చి వెలుగు కదిలింది... టక్‌మని ఒక చప్పుడు. ఆ తర్వాత అదీ లేదు.

"బాబూ..." అన్నాడు బాబాయి.

డ్రైవరు పక్క కిటికీ వైపు వంగాడు.

"బాబూ..."

ఒక మొహం కిటికీలోంచి లోపలికొచ్చింది. బాబాయి చప్పున వెనక్కి జరిగాడు.

"ఇటు జరిగి సెల్ఫ్ కొట్టు" అన్నాడు కొనడానికొచ్చినాయన.

బాబాయి డ్రైవరు సీట్లోకి జరిగి తాళం తిప్పాడు. మొదటిసారికే బండి స్టార్టయింది. ఆయన బానెట్ దించి, అగ్గిపెట్టెలో సగం ఉండే నల్ల డబ్బా ఒకటి తెచ్చి బాబాయి అరచేతిలో పెట్టాడు. వేడిగా ఉంది.

"రిలే. ఇంజనుకి పెట్రోలు అందించే పంపుకి కరెంటు దీన్లోంచే పోవాలి. ముసలిదైపోయింది. ఇంతెత్తు ఎక్కాక వేడెక్కి పనిచెయ్యడం మానేస్తోంది. చల్లారితే మళ్ళీ మామూలే. పాత బళ్ళన్నిటికీ ఇలాంటి చోటే ఏదో ఒకటి మొరాయిస్తుంది." ఆయన నవ్వాడు. "అబద్ధం చెప్పి కొనడం నాకిష్టం లేదు బాబాయ్. ఇంజను రాయిలా ఉంది. ఈ ముక్క మార్చుకుని నువ్వే నడుపుకో. ఇంకో పదేళ్ళు ఢోకా లేదు."

బాబాయి అరచేతిలోదాన్నే చూస్తున్నాడు.

"మరి ఇప్పుడు పెట్టింది ఎక్కణ్ణుంచి తెచ్చావు?"

"తేవడమేముంది? హారన్‌కీ అచ్చం ఇలాంటిదే ఉంటుంది. అది పీకి ఇక్కడ గుచ్చా. రోడ్డు మీద చిక్కుకుంటే మేమంతా చేసేదే. హారన్ మోగదు, అంతే."

"హారన్ మోగిందంటే... ఆ ముక్క బాగున్నట్టేనా?"

"బాగున్నట్టే."

"ఎవరైనా చెయ్యొచ్చా?"

"దిగి బానెట్ తెరిస్తే చాలు. చూశావుగా, ఎంతసేపు పట్టింది."

బాబాయి తల ఊపాడు. దెయ్యమే ఉంటే బాగుండునని ఆయనకి అనిపించింది. దాన్నైతే తిట్టుకోవచ్చు, దండం పెట్టుకోవచ్చు, రాత్రుళ్ళు వచ్చి దాని ఎదుట కూర్చోవచ్చు. దుప్పట్లు లేని ఈ పూట వెనక నుంచి చప్పుడెందుకు రాలేదో కూడా ఆయనకి అప్పుడే అర్థమైంది. బండి కుదుపు ఆగాక గుడ్డల కుప్ప సర్దుకుంటుంది. అంతే.

"ఎవరికైనా వినపడుతుందేమోనని" అన్నాడు.  "ఆ రాత్రి ఒక చేత్తో దాని చెయ్యి పట్టుకున్నా. రెండో చేత్తో హారన్ నొక్కుతూనే ఉన్నా. బాగా మోగింది బాబూ. గుట్ట దద్దరిల్లేలా మోగింది. బండి స్టార్టయ్యేదాకా మోగుతూనే ఉంది."

"ఎవరి సంగతి బాబాయ్?" అన్నాడు కొనడానికొచ్చినాయన.

బాబాయి చెయ్యి చాచి హారన్ నొక్కాడు. చప్పుడు రాలేదు. రెండు చేతులూ వేసి, బరువంతా ఆనించి నొక్కాడు. ఇంజను మాత్రం ఎక్కడా తడబడకుండా తిరుగుతూనే ఉంది.