చాయీ ఊరేగింపులో అసలు గురి

"రేపు మధ్యాహ్నం చాయీ నగరంలో, గుడి ఊరేగింపులో, అభ్యర్థి యూ పో-హాన్ మీద కాల్పులు జరుగుతాయి. అతను చావడు," అన్నాడు నిఘా విభాగం చీఫ్, వేడి టీ ఊదుకుంటూ.

ఏజెంట్ తూ క్వాన్-లిన్ తలెత్తాడు. "ఎందుకు చావడు సార్?"

"ఏర్పాటు అతనిదే కాబట్టి. తూటా గాల్లోకి పోతుంది. యూ చొక్కా కింద ఎర్రరంగు సంచి పగులుతుంది. ఎల్లుండే పోలింగ్. జనం ఏడ్చి మరీ ఓట్లేస్తారు. అతనికి పోటీగా నిలబడ్డ, మూడుసార్లు గెలిచిన ఫాంగ్ మేడమ్ జనం కళ్లకు హంతకురాలవుతుంది. సముద్రం అవతలివాళ్ల మనిషి మన శాసనసభలో కూర్చుంటాడు."

"ఇప్పుడే పట్టుకుందాం."

"సాక్ష్యమేదీ? షూటర్ తుపాకీతో సహా దొరకాలి."

ఈ కబురు తెచ్చింది లాయ్ మేయ్-యిన్. టీవీ సీరియళ్ల హీరోయిన్, యూ ప్రచారానికి ముఖ్య ఆకర్షణ. అవతలి ముఠా ఆమెను తమ ఏజెంట్ అనుకుంటోంది. ఆమె పనిచేసేది చీఫ్‌కి.

మర్నాడు తూ గుడి ఊరేగింపులో దేవుడి భటుల వేషాలేసే బృందంలో కలిశాడు. మొహానికి ఆకుపచ్చ రంగు, కోరలు, చేతిలో ఈకల విసనకర్ర. దాని పిడిలో షాక్ గన్.

మేయ్-యిన్ అగరుబత్తి వెలిగించే నెపంతో దగ్గరికొచ్చింది. "లిన్ అన్నా, ఈ మొహమే బాగుంది నీకు. కడుక్కోకు."

"నీ చెవిపోగులో 'వాన' అని వినబడితే వెంటనే వంగు. ఇవాళ్టితో నీ పని అయిపోతుంది."

"రేపట్నుంచి ఎవరికీ అబద్ధాలు చెప్పక్కర్లేదా? పొద్దెలా పోతుంది నాకు?" నవ్వింది. అగరుబత్తి గుచ్చి జీపు వైపు నడిచింది.

ఊరేగింపు వెంట యూ ప్రచార జీపు కదిలింది. యూ దండాలు పెడుతున్నాడు. పక్కన మేయ్-యిన్ చేతులూపుతోంది. టపాకాయల పొగలో తూ బృందం నుంచి జారుకుని, మేయ్-యిన్ ముందే చెప్పిన టర్కీ కోడి అన్నం హోటల్ పై అంతస్తుకి పరుగెత్తాడు.

షూటర్ కిటికీ దగ్గర మోకాలి మీద ఉన్నాడు. తుపాకీ గొట్టం ఆకాశం వైపు లేదు. సూటిగా మేయ్-యిన్ నుదుటికి గురిపెట్టి ఉంది.

"వాన!" అని అరుస్తూ తూ విసనకర్ర పిడిని వాడి మెడకు ఆనించాడు. అప్పటికే ట్రిగ్గర్ మీద వాడి వేలు బిగిసింది.

కింద యూ రిహార్సల్ చేసినట్టే కూలాడు. భుజం నుంచి ఎర్రరంగు కారింది. మేయ్-యిన్ వంగింది. నుదుటికి రావలసిన తూటా చెంపను చీల్చి దవడను పగలగొట్టింది. ఆమె నెత్తురు మొహాన పడగానే యూ కెవ్వుమని లేచి, జీపు దూకి పరుగెత్తాడు. భుజానికి గాయం లేదు. చొక్కాలోంచి ప్లాస్టిక్ సంచి వేలాడుతోంది. అన్ని చానళ్లూ లైవ్‌లో చూపించాయి.

పై అంతస్తులో నేలమీద పడ్డ షూటర్ నవ్వాడు. "ఆ పిల్ల మీ మనిషని మాకెప్పుడో తెలుసు. యూకి చెప్పలేదంతే."

"సార్, గురి ఆమె మీద!" తూ ఇయర్‌పీస్‌లో అరిచాడు.

"తెలుసు," అన్నాడు చీఫ్. "చెబితే జీపెక్కేదా?"

తూ ఇయర్‌పీస్ పీకి మడమతో నలిపేశాడు. చీఫ్‌కి ముందే తెలుసన్న మాట ఆమెకు చెప్పే ధైర్యం మాత్రం ఎన్నడూ చాలలేదు.

ఫాంగ్ మేడమ్ భారీ మెజారిటీతో గెలిచింది. పూలతో, కెమెరాలతో ఆసుపత్రికి వచ్చింది. పగిలిన దవడతో మేయ్-యిన్ మాట్లాడలేకపోతోంది, ఇక తెరమీద కనబడదు. తూ మణికట్టు గట్టిగా పట్టుకుని పడుకుంది. మేడమ్ ఆమె జుట్టు నిమిరి కళ్లు తుడుచుకుంది. తర్వాత గొంతు తగ్గించింది.

"చెంప కాస్త ఇటు తిప్పమ్మా. కట్టు కనబడాలి."

ఫొటో చాలా బాగా వచ్చింది.