గుమ్మం నంబర్లు అమ్ముకున్న చైర్మన్

ప్యో గ్వాంగ్‌దో! చొల్యోంగ్ పార్సెల్ కంపెనీ చైర్మన్! నువ్వు దేశద్రోహివి. నీకు చప్పట్లు కొట్టిన వాటాదారులూ అంతే. నీ విందుల్లో మెక్కి కళ్ళు మూసుకున్న అధికారులూ అంతే.

మొన్న సియోల్‌లో ఒక పెద్ద హోటల్లో కంపెనీ చరిత్ర సినిమా తీసి చూపించారు. బూసాన్ రేవులో మూడు చక్రాల బండి మీద బొగ్గు బిళ్ళలు మోసిన తండ్రి. బస్టాండుల్లో మూటలు అందించిన కొడుకు. టీవీ చూసి జనం సామాన్లు కొనడం మొదలెట్టగానే ఊరూరా గోడౌన్లు. వెనకాల వయొలిన్ ఏడుపు.

సినిమాలో లేనిది వినండి. డ్రైవర్లని ఉద్యోగాల్లోంచి పీకేసి, "ఇకనుంచి మీరే ఓనర్లు" అని బళ్ళు వాళ్ళ చేతే కొనిపించాడు. నడుం విరిగితే ఓనరుగారి నడుమే, కంపెనీది కాదు. ఆ తర్వాత మన తలుపుల మీద పడ్డాడు. డెలివరీ మనిషి పాపం కింద నిలబడకూడదని, అపార్ట్‌మెంట్ కింది తలుపు తెరిచే నంబరు ఆర్డరుతో పాటే రాసిస్తాం కదా. ఆ నంబర్లన్నీ విదేశీ గూఢచారి ముఠాకి అమ్మేశాడు. ఏ జనరల్ ఇంట్లోకి ఎలా పోవాలో, ఏ సైంటిస్టు ఎక్కడ పడుకుంటాడో, అన్నీ. థూ!

ఆ అమ్మకం కళ్ళారా చూసింది ఒక్క మనిషే. మెంగ్ సుక్‌హీ. కంపెనీ చరిత్ర రాసిపెట్టిన పాత ఉద్యోగిని. పార్లమెంటు కమిటీ ముందు నోరు విప్పాలి. అందాకా ఇంటెలిజెన్స్ వాళ్ళు ఇంచన్‌లో ఒక ఫ్లాట్లో దాచారు.

ఆ ఫ్లాట్‌కి రెండు వీధుల అవతల, సూప్ హోటల్ వెనక గదిలో, సాక్ష్యానికి ముందురోజు మధ్యాహ్నం బ్రీఫింగ్. ఒక పక్క ఇంటెలిజెన్స్ చీఫ్ బాంగ్, ఏజెంట్ తాక్ జేఉక్. ఎదురుగా ఛే రాహీ. చొల్యోంగ్‌లో పబ్లిసిటీ హెడ్, లోపలి కబుర్లు ఏజెన్సీకి మోసే మనిషి. ఆమె సెంటు దెబ్బకి సూప్ రుచి కూడా చచ్చింది.

"ముఠాకి ఇల్లు తెలీదు," అంది రాహీ. "రేపు పొద్దున దారిలో కొడతారు. మీవాళ్ళందర్నీ రోడ్డు మీద పెట్టండి."

"పెట్టేశా," అన్నాడు బాంగ్. "ఇంటి దగ్గరున్న వాళ్ళని కూడా దారి చూసి రమ్మని పంపించా."

తాక్ ఫోన్ మోగింది.

"చలి ఎముకలు కొరుకుతోంది." కోడ్ సరిగ్గానే చెప్పింది మెంగ్. "నాయనా, ఉప్పులో ఊరేసిన క్యాబేజీ వస్తోందిరా. పెట్టె లోపలికి లాగాలి, కాస్త రా."

"క్యాబేజీయా? పిన్నీ, నువ్వు దాక్కుని ఉన్నావు!"

"అయితే? చలికాలం నెత్తిమీదకొచ్చింది. కిమ్చీ పచ్చడి పెట్టుకోకుండా ఉంటార్రా ఎవరైనా?"

"ఎవరి పేరు మీద తెప్పించావు?"

"నా పేరు మీదే."

"ఏ కంపెనీ?"

మెంగ్ గొంతు సన్నబడింది. "రైతు ఎప్పుడూ చొల్యోంగ్‌లోనే వేస్తాడు... అయ్యో, నా మతి మండ! కింది తలుపు నంబరు కూడా రాశానురా."

"నేనొచ్చేదాకా తలుపు తీయకు!"

రాహీ మొహంలో ఒక్క గీత కదల్లేదు. లిప్‌స్టిక్ తీసి అడుగు తిప్పింది, పెదవికి మాత్రం ఆనించలేదు. తాక్ ఆమె మణికట్టు పట్టి మెలేశాడు. గొట్టంలో రంగు లేదు, ట్రాన్స్‌మిటర్ ఉంది.

"ఎవరికి మేడమ్, సైగ?"

"త్వరపడమని చెప్పానంతే," నవ్వింది. "పెట్టె బయల్దేరి చాలాసేపైంది, తాక్."

"నా మొహం తగలెయ్య!" అని బాంగ్ ఆమెకి బేడీలు వేసేలోపే, తాక్ మారువేషం సంచిలోంచి డెలివరీ చొక్కా లాగి తొడుక్కుంటూ పరిగెత్తాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ తలెత్తలేదు. ఆ చొక్కా తొడిగితే ఈ దేశంలో మనిషి ఎవరికీ కనిపించడు. మూసుకుంటున్న లిఫ్ట్‌లోకి దూరాడు. లోపల అదే చొక్కా వేసుకున్న ఇంకొకడు. భుజం మీద క్యాబేజీ పెట్టె, ఒంటిచేత్తో.

"ఎన్నో అంతస్తు అన్నా?"

"పద్నాలుగు."

"బరువు లేదేంటి?"

"అలవాటైపోయింది."

"అలవాటైనవాడికి నడుం ఉండదన్నా."

వాడు తిరిగి చూశాడు. ఉప్పునీళ్ళతో నానిన క్యాబేజీ పెట్టె ఎత్తేటప్పుడు ఎంత మొనగాడికైనా ఊపిరి ఆగుతుంది. వీడు చెమటైనా పట్టకుండా నిలబడ్డాడు. పెట్టె కిందపడింది, ఖాళీ డబ్బా చప్పుడు. వాడి చేతిలో సైలెన్సర్ పిస్టల్. మొదటి గుండు లిఫ్ట్ అద్దం పగలగొట్టింది. పెనుగులాడుతుండగానే తలుపులు తెరుచుకుని ఇద్దరూ వరండాలో పడ్డారు. వాడి మోకాలు తాక్ గొంతు మీద.

"పిన్నీ, లోపలే ఉండు!" అరవబోయాడు తాక్. అరుపు సగమే వచ్చింది.

ఫ్లాట్ తలుపు తెరుచుకుంది. గుమ్మంలో రబ్బరు తొడుగులతో మెంగ్, చేతుల్లో బేసిన్. పిస్టల్ ఆమె గుండెవైపు తిరిగింది. వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. అంతకంటే ముందు బేసిన్‌లో కారం ముద్ద మొత్తం వాడి కళ్ళల్లో పడింది. గుండు సీలింగుకి తగిలింది. తాక్ వాణ్ణి బోర్లా పడేసి చేతులు కట్టేశాడు.

"తలుపు తీయొద్దన్నానా?"

"నీ పీక నొక్కుతుంటే టీవీ చూస్తూ కూచోమంటావా? ఏడాదికి సరిపడా కారం కలిపాను. అంతా ఈ వెధవ మొహానికి పోయింది. సరే, నా క్యాబేజీ ఏది?"

క్యాబేజీ కింద పార్కింగ్‌లో, డెలివరీ బండిలోనే ఉంది. పెట్టెల మధ్య అసలు డ్రైవర్, నోటికి టేపు. జేబులో ఫోన్ ఆగకుండా మోగుతోంది. కంపెనీ మెసేజ్: డెలివరీ ఆలస్యం, జరిమానా పడుతుంది. టేపు పీకగానే ఆ మనిషి అన్న మొదటి మాట: "మిగతా పెట్టెలు ఎవరైనా వేస్తారా సార్? లేకపోతే నా రూటు పీకేస్తారు."



మర్నాడు మెంగ్ నోరు విప్పింది, పేర్లతో సహా. ప్యో చైర్మన్‌కి ఉన్నట్టుండి గుండెనొప్పి వచ్చింది. దుప్పటి కప్పుకుని చక్రాల కుర్చీలో కమిటీ ముందుకి వచ్చాడు.

చర్చలు చాలు. వాడి మిషన్లలో ఉన్న మన తలుపు నంబర్లు జనం ముందు చెరిపించండి. డ్రైవర్లకి ఉద్యోగాలు తిరిగి రాసివ్వండి. చైర్మన్‌గారు నడవలేరు కాబట్టి, ఆ కుర్చీని మీరే జైలు లోపలిదాకా తోయండి. ఇవాళే.