ముందు గది తలుపు

ఆదివారం పొద్దున్నే హాలు ఊడుస్తూ ఊడుస్తూ కోడలు ముందు గది దగ్గర ఆగిపోయింది. మూసిన తలుపు కింది సందులోంచి రెండు పాదాలు కనిపిస్తున్నాయి. లోపల మనిషి అటూ ఇటూ కదలడం లేదు, ఊరికే నిలబడి ఉంది.

కళ్ళద్దాల దుకాణంలో పనిచేసే ఆ కోడలికి ఏ విషయమైనా అంతు తేలితే గానీ ముద్ద దిగదు. పక్కింట్లో ఎవరు ఎన్నిసార్లు తుమ్మారో కూడా చెప్పగలదని మొగుడు వేళాకోళం చేస్తుంటాడు. అలాంటిది, ముందు గదిలో ఉంటున్నామె ఏం చేసి జైలుకు వెళ్ళిందో ఇంతవరకూ అడగలేక లోలోపల గింజుకుంటోంది. ఆమె వచ్చిన రోజే అత్తగారు కోడలి నోరు కట్టేసింది.

"ఏం చేసి వెళ్ళిందో మనకొద్దు. ఇకమీదట ఏం చేస్తుందో, కావాలంటే అది అడుగు."

అత్తగారు రిటైరైన నర్సు. వీధిలో అందరికీ నర్సమ్మే. ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చోవడం తన వల్ల కాక, జైలు నుంచి విడుదలైన ఆడవాళ్ళకు సాయం చేసే కేంద్రంలో జీతం లేని పనికి కుదిరింది. ఒకరిని బ్యాంకుకు తీసుకెళ్ళడం, ఇంకొకరికి ఫోను వాడటం నేర్పడం, మరొకరికి పని వెతికిపెట్టడం. అలాగే ఒక లాండ్రీ యజమానిని బతిమాలి ఈమెను ఇస్త్రీ పనిలో పెట్టించింది. ఉండటానికి చోటు లేదంటే తన ఇంటి ముందు గది ఇచ్చింది. అప్పటి నుంచి ఆమె ఈ ఇంట్లో ఇస్త్రీ అక్క.

పనిలో వంక పెట్టడానికి లేదు. కానీ ఈ వారమంతా రోజూ ఆలస్యంగా వెళ్ళింది. నిన్న యజమాని ఫోన్ చేసి, సోమవారం కూడా ఇదే వరసైతే ఇక రానక్కర్లేదని తెగేసి చెప్పాడు. ఆ పని పోతే ఆమెకు ఇంకోటి దొరకదు. జైలు అన్న మాట వినగానే మొహం తిప్పుకున్న వాళ్ళందరినీ నర్సమ్మ అప్పటికే అడిగి చూసింది.

"చూశావా?" వెనక నుంచి మొగుడు గుసగుసలాడాడు. "నేను చెప్తే అనుమానం మనిషినన్నావు. నేను ఫోన్లో మాట్లాడినప్పుడల్లా ఆవిడ ఆ తలుపు వెనకే. చెవులు అప్పగించి వింటోంది."

"ఏం వింటుందండీ? నా చీపురు చప్పుడా?"

మొగుడు మొహం చిట్లించి అవతలికి వెళ్ళాడు. కోడలి బుర్రలో మాత్రం ఒక్కొక్కటీ కదులుతోంది. ఈ వారం రోజూ తను ఊడవడానికి ఆ తలుపు తీసేసరికి, ఇస్త్రీ అక్క తయారై, సంచీ భుజాన వేసుకుని ఎదురుగా నిలబడి ఉండేది. తీయగానే పరుగులాంటి నడకతో వెళ్ళిపోయేది. స్నానాల గది తలుపు కూడా ఎప్పుడూ ఓరగానే వదిలేస్తుంది. అలమారాలు, ఫ్రిజ్జు మాత్రం అందరిలాగే తీస్తుంది.

కోడలు ముందు గది తలుపు తీసి, ఏమీ ఎరగనట్టు వంటగదిలోకి వెళ్ళి, ఎప్పుడూ మూయని దాని తలుపు మూసేసింది. కాసేపటికి అడుగుల చప్పుడు వచ్చి ఆగింది. ఎవరూ పిలవలేదు, తట్టలేదు. పొయ్యి మీద టీ మరిగి మరిగి సగమైంది.

"ఇప్పుడు వంటగది దగ్గర కూడానా?" బయట మొగుడి గొంతు లేచింది. "ఏం వింటున్నారు మీరు?"

కోడలు తలుపు తీసింది. ఇస్త్రీ అక్క ఖాళీ గ్లాసు పట్టుకుని, పాలిపోయిన మొహంతో నిలబడి ఉంది. ఆదివారం కదా అని ఇంకా పడుకున్న నర్సమ్మ కూడా కేకలకు లేచి వచ్చింది.

"చాలమ్మా," అన్నాడు కొడుకు తల్లితో. "నీ సేవ నువ్వు చేసుకో, కాదనను. తలుపుల వెనక పొంచి ఉండే మనిషిని ఇంట్లో పెట్టుకోలేం. సాయంత్రానికల్లా పంపించెయ్."

"పంపిస్తే ఎక్కడికి వెళ్తుందిరా?"

"ఇన్నాళ్ళూ ఎక్కడుందో..." అనబోయి నాలిక కరుచుకున్నాడు.

నర్సమ్మ ఇస్త్రీ అక్క వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పమ్మాయ్. పొద్దున్నే లేవలేకపోతున్నావా? లాండ్రీ ఆయన దగ్గర నా మాట పోయింది."

"చీకటితోనే లేస్తానమ్మగారూ."

"మరి తలుపెందుకు తీయవక్కా?" కోడలు ఇక ఉండబట్టలేకపోయింది.

ఇస్త్రీ అక్క గ్లాసు ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచెయ్యి చూసుకుంది.

"తీయబోతానమ్మా. చెయ్యి పిడి దాకా వెళ్ళి ఆగిపోతుంది. అక్కడ తలుపు మనం తీసేది కాదు. తీసేవాళ్ళు వచ్చి పిలిస్తే బయటికి రావాలి. ముట్టుకుంటే తప్పు. బయటికొచ్చేశానని నాకు తెలుసు, ఈ చేతికే తెలియట్లేదు. ఇంత వయసొచ్చి తలుపు తీయలేకపోతున్నానని ఎవరితో చెప్పుకోను?"

"మరి పోయిన వారం దాకా..." అంటూనే కోడలు ఆగిపోయింది. అప్పటిదాకా రోజూ నర్సమ్మే ఆ తలుపు తీసి, లేచావా అమ్మాయ్ అని పలకరించేది. కేంద్రంలో పని పెరిగి ఈ వారం పెందలాడే వెళ్ళిపోతోంది.

నర్సమ్మ కుర్చీలో కూలబడింది.

"రాత్రిళ్ళు ఆ తలుపు వేసేది కూడా నేనే. ఆసుపత్రి అలవాటు. చలిగాలి కొడుతుందని వెయ్యడం, తెల్లారాక తియ్యడం." "బయటికొచ్చాక కూడా నీకు కాపలాదారునే అయ్యాను కదే!"

"అంత మాటనకండమ్మగారూ. మీరు తలుపు తీసి నవ్వేవారు. అక్కడ ఎవరూ నవ్వలేదు."

ఇద్దరూ ఏడ్చారు. కొడుక్కి ఎక్కడ చూడాలో తోచలేదు. గబగబా వెళ్ళి స్క్రూడ్రైవర్ తెచ్చాడు.

"ఆ తలుపు ఊడదీసేస్తాను. పరదా కడదాం."

"వద్దు బాబూ!" ఆమె అంత గట్టిగా మాట్లాడటం ఆ ఇంట్లో అదే మొదటిసారి. "తలుపు ఉండనీ. గడియ లోపలివైపు ఉన్న గది నాకు దొరక్క దొరక్క దొరికింది."

అని విసురుగా ముందు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. లోపల గడియ పడింది.

ముగ్గురూ బయట మిగిలిపోయారు. కొడుకు తలుపు నెట్టబోతే నర్సమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"తట్టరా."

తట్టాడు. "అక్కా, నేనే. తప్పుగా అనుకున్నాను. మీకు ఇష్టమైతే తీయండి. లేకపోతే వద్దు."

తలుపు కింది సందు దగ్గరికి రెండు పాదాలు వచ్చి ఆగాయి. నర్సమ్మ రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది, ఎక్కడ తనే సాయం పడుతుందోనని.

గడియ కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. తర్వాత పిడి తిరిగింది. తలుపు తెరుచుకుంది. ఇస్త్రీ అక్క కళ్ళు తడిగా ఉన్నాయి, చెయ్యి మాత్రం పిడి మీదే ఉంది.

"రేపు పొద్దున్న ఈ తలుపు ఎవరూ తీయకండి," అంది. "నేనే తీసి పనికి వెళ్తాను."